సైన్స్ ఫెయిర్ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారు?

1974లో ఎరిక్ ల్యాండర్ అనే 17 ఏళ్ల న్యూయార్క్ కుర్రాడు అమెరికాలో హైస్కూలు విద్యార్థులకు పెట్టే అతి పెద్ద సైన్స్ పరిశోధన పోటీలో మొదటి బహుమతి గెలిచాడు. అతను తీసుకున్న అంశం క్వాసీపర్ఫెక్ట్ సంఖ్యలు. 6 సంగతి చూడండి. దాన్ని భాగించే 1, 2, 3 కలిపితే మళ్లీ 6 వస్తుంది. 28 కూడా అంతే. వీటిని పరిపూర్ణ సంఖ్యలంటారు. అలా కలిపినప్పుడు అసలు సంఖ్య కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ వస్తే అది క్వాసీపర్ఫెక్ట్. తమాషా ఏమిటంటే, అలాంటి సంఖ్య ఇవాళ్టి దాకా ఒక్కటి కూడా ఎవరికీ దొరకలేదు. ఉండదని రుజువు చేసినవాళ్లూ లేరు. పుస్తకం వెనక జవాబు లేని ప్రశ్నను పట్టుకుని ఆ కుర్రాడు వ్యాసం రాశాడు.

అతను గణితంలోనే స్థిరపడి ఉంటాడని ఎవరైనా అనుకుంటారు. ప్రిన్స్‌టన్‌లో గణితం చదివాడు, రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్ వెళ్లి గణితంలోనే డాక్టరేట్ చేశాడు. తీరా ఉద్యోగం మాత్రం హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో, కాబోయే మేనేజర్లకు ఆర్థికశాస్త్రం చెప్పడం. ఒంటరిగా కూర్చుని చేసే గణితం తన స్వభావానికి పడదని అతనికి అర్థమైంది. సోదరుడి సలహాతో జీవశాస్త్రం వైపు చూశాడు. పగలు బిజినెస్ స్కూల్లో పాఠాలు చెబుతూ, తీరిక దొరికినప్పుడల్లా జీవశాస్త్రజ్ఞుల మధ్య కూర్చుని వాళ్ల విద్య నేర్చుకున్నాడు. 1990లో వైట్‌హెడ్ ఇన్‌స్టిట్యూట్, ఎంఐటీల జీనోమ్ పరిశోధన కేంద్రాన్ని మొదలుపెట్టాడు. 2001లో 'నేచర్' పత్రికలో వచ్చిన మానవ జీనోమ్ వ్యాసంలో మొదటి పేరు అతనిదే. 2004లో బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టర్ అయ్యాడు.

అదే బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇప్పుడు ఫెంగ్ ఝాంగ్ పనిచేస్తున్నారు. ఆయన 2000లో అదే పోటీలో మూడో స్థానంలో నిలిచారు. పదకొండేళ్ల వయసులో చైనా నుంచి అమెరికాలోని అయోవా రాష్ట్రానికి వచ్చిన పిల్లవాడు. బడివాళ్లు శనివారాల్లో పెట్టిన మాలిక్యులర్ బయాలజీ క్లాసుకు వెళ్లి దానికి అలవాటు పడ్డాడు. హైస్కూల్లో ఉండగానే డెమాయిన్ నగరంలోని ఒక ఆసుపత్రి జన్యు చికిత్స ప్రయోగశాలలో వాలంటీరుగా చేరాడు. జెల్లీఫిష్‌లో ఉండే ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్ జన్యువును మనిషి క్యాన్సర్ కణాల్లోకి పంపి, అవి మెరుస్తుంటే సూక్ష్మదర్శినిలో చూశాడు. 2013లో క్రిస్పర్ పద్ధతితో మనుషుల, ఎలుకల కణాల్లో జన్యువులను మార్చి చూపించిన తొలి బృందాల్లో ఆయనది ఒకటి. హైస్కూల్లో పట్టుకున్న దారి విడవకుండా నడిచిన మనిషి ఆయన. ల్యాండర్ మూడు దారులు మారిన మనిషి. ఇద్దరూ ఒకే పోటీ నుంచి వచ్చి ఒకే సంస్థకు చేరారు.

మన ఇళ్లలో ఈ పోటీల మాట ఎత్తితే తల్లిదండ్రులు వేసే మొదటి ప్రశ్న, "దీనివల్ల ర్యాంకు వస్తుందా?" అని. సూటిగా చెప్పాలంటే రాదు. సైన్స్ ఫెయిర్ బహుమతికి జేఈఈలో గానీ నీట్‌లో గానీ ఈఏపీసెట్‌లో గానీ ఒక్క మార్కు కలవదు. మరి ఏం వస్తుందో ఆ పోటీలు దాటి వెళ్లినవాళ్ల జీవితాలే చెబుతాయి. వాటిని కాస్త దగ్గరగా చూద్దాం.

ఎనభై ఏళ్ల పోటీ

పైన చెప్పిన పోటీ పేరు సైన్స్ టాలెంట్ సెర్చ్. 1942లో మొదలైంది. మొదట వెస్టింగ్‌హౌస్ కంపెనీ, 1998 నుంచి ఇంటెల్, 2017 నుంచి రీజెనెరాన్ అనే మందుల కంపెనీ దీన్ని నడిపించడానికి డబ్బు ఇస్తున్నాయి. రీజెనెరాన్ వ్యవస్థాపకుల్లో ఒకరైన జార్జ్ యాంకోపౌలస్ 1976లో ఇదే పోటీలో ఫైనలిస్టు. తనను గుర్తించిన పోటీకి తన కంపెనీ అండగా నిలిచిందన్నమాట. హైస్కూలు చివరి సంవత్సరం చదివేవాళ్లు ఒక్కొక్కరుగా తమ పరిశోధన పంపుతారు. రెండు వేల మందికి పైగా పంపిన వాటిలోంచి 300 మందిని, వాళ్లలోంచి 40 మందిని ఎంపిక చేసి వాషింగ్టన్ పిలుస్తారు. మొదటి బహుమతి రెండున్నర లక్షల డాలర్లు. ఇందులో పాల్గొన్నవాళ్లకు ఇప్పటిదాకా 13 నోబెల్ బహుమతులు వచ్చాయి. సూపర్ కండక్టివిటీ సిద్ధాంతం ఇచ్చిన లియోన్ కూపర్, షెల్డన్ గ్లాషో, రసాయన శాస్త్రవేత్త రోల్డ్ హాఫ్‌మన్, ఫ్రాంక్ విల్చెక్ ఇలా వచ్చినవారే. గణితంలో ఫీల్డ్స్ మెడల్ పొందిన పాల్ కోహెన్, డేవిడ్ మమ్‌ఫర్డ్ కూడా.

ఈ జాబితా చూసి పోటీకి వెళ్తే నోబెల్ వస్తుందనుకోకూడదు. ఆ పేర్లలో చాలామంది న్యూయార్క్‌లోని బ్రాంక్స్ సైన్స్, స్టైవెసంట్ లాంటి ప్రభుత్వ పాఠశాలల పిల్లలు. ప్రవేశ పరీక్ష రాసి చేరే బడులవి. బ్రాంక్స్ సైన్స్ ఒక్క బడిలో చదివినవాళ్లకే ఎనిమిదికి పైగా నోబెల్ బహుమతులున్నాయి. చుట్టూ విశ్వవిద్యాలయాలు, పిల్లలకు తలుపు తీసే ప్రయోగశాలలు, పరిశోధన అంటే ఏమిటో తెలిసిన టీచర్లు ఉన్నారు. పోటీ వాళ్లను తయారు చేయలేదు, తయారవుతున్నవాళ్లకు ఒక గడువు, ఒక శ్రోత దొరికేలా చేసింది. ఆ చుట్టూ ఉన్నవి మన మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలకు లేవన్న బాధ నాకుంది. కానీ గడువు, శ్రోత మాత్రం మనకూ ఉన్నాయి. వాటిని వాడుకోవడం గురించి తర్వాత చెబుతాను.

అంశం మారుతుంది, పని మిగులుతుంది

రే కర్జ్‌వైల్ 1965లో ఫైనలిస్టు. పేరున్న స్వరకర్తల సంగీతంలో మళ్లీ మళ్లీ వచ్చే అమరికలను కంప్యూటర్‌తో పట్టి, అదే ధోరణిలో కొత్త స్వరాలు కూర్చే ప్రోగ్రాం రాశాడు. అప్పట్లో కంప్యూటర్ అంటే గది నిండా ఉండే యంత్రం. పదకొండేళ్ల తర్వాత, 1976లో, అచ్చు పుస్తకం ముందు పెడితే చదివి వినిపించే యంత్రాన్ని చూపు లేనివారి కోసం తయారు చేశాడు. ఏ అచ్చులో ఉన్నా అక్షరాన్ని గుర్తుపట్టడం అందులో కీలకం. సంగీతంలో అమరికను గుర్తుపట్టిన పనే అక్షరాల్లోకి వచ్చింది. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ సంగీత వాయిద్యాలు తయారు చేసి మళ్లీ మొదటి ఇష్టానికి వెళ్లాడు. ఇవాళ మనం ఫోన్‌తో కాగితాన్ని ఫొటో తీస్తే అక్షరాలు టైపైపోయి వస్తున్నాయి కదా, ఆ విద్యకు తొలినాళ్ల పునాదుల్లో ఆయన పని ఉంది.

మేరీ-డెల్ చిల్టన్ కథ వేరు. 1956లో ఆమె పోటీకి తీసుకెళ్లింది టెలిస్కోపు. పొడవైన టెలిస్కోపు చేసే పనిని పొట్టి గొట్టంలో ఇమిడ్చింది. నక్షత్రాల పిల్ల అన్నమాట. ఇలినాయి విశ్వవిద్యాలయంలో చేరాక రసాయన శాస్త్రానికి మారి అందులోనే డాక్టరేట్ చేసింది. ఆ తర్వాత మొక్కలకు కణితి తెప్పించే ఆగ్రోబ్యాక్టీరియం అనే నేల బ్యాక్టీరియా మీద పడింది. ఆ బ్యాక్టీరియా తన డీఎన్ఏలో ఒక ముక్కను మొక్క కణంలోకి దించుతుందని 1977లో ఆమె, సహచరులు చూపించారు. ఆ ముక్కలో మనకు కావలసిన జన్యువును పెడితే మొక్కలోకి అదే మోసుకుపోతుంది కదా అన్నది తర్వాతి అడుగు. 1983లో పొగాకు మొక్కలో అది చేసి చూపిన బృందాల్లో ఆమెది ఒకటి. 2013లో మరో ఇద్దరితో కలిసి వరల్డ్ ఫుడ్ ప్రైజ్ అందుకుంది.

వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు రైతులకు ఆమె పేరు తెలియదు. కానీ 2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తిలోకి బీటీ జన్యువును చేర్చింది ఆగ్రోబ్యాక్టీరియం పద్ధతిలోనే. ఆ విత్తనాల మేలు కీడుల మీద మన దగ్గర ఇరవై ఏళ్లుగా వాదన నడుస్తోంది, నడవాలి కూడా. ఆ వాదనలో పాల్గొనాలన్నా ముందు ఆ పద్ధతి అర్థం కావాలి. బైపీసీ చదివే రైతుబిడ్డకు ఇంతకంటే దగ్గరి సైన్స్ ఏముంటుంది?

చిల్టన్ టెలిస్కోపు ఆమెకు తర్వాత అక్కరకు రాలేదు. ల్యాండర్ జీవితంలో ఆ సంఖ్యలూ అంతే. మిగిలింది పని చేసే తీరు: తనంతట తాను ఒక ప్రశ్నను ఎంచుకోవడం, దానితో నెలల తరబడి ఉండటం, కుదరకపోతే ఎందుకు కుదరలేదో వెతకడం, చివరకు తెలియనివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం. కెరీర్‌కు పనికొచ్చేది ఇదే. తొమ్మిదో తరగతిలో తీసుకున్న అంశం తప్పైపోతుందేమోనని బెంగపడే పిల్లలకు ఈ ఇద్దరి సంగతి చెప్పండి.

అందరూ శాస్త్రవేత్తలే కావాలని లేదు. నటి నటాలీ పోర్ట్‌మన్ హైస్కూల్లో చక్కెర నుంచి ఎంజైముల సాయంతో హైడ్రోజన్ తీసే పద్ధతి మీద పనిచేసి ఇదే పోటీలో సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఆ పని 1998లో రసాయన శాస్త్ర బోధన పత్రికలో అచ్చైంది కూడా. తర్వాత హార్వర్డ్‌లో సైకాలజీ చదివింది, సినిమాల్లో నిలిచింది.

పగిలిన తాళం

నన్ను బాగా కదిలించిన కథ ఐర్లాండ్‌ది. అక్కడ 1965 నుంచి ఏటా యంగ్ సైంటిస్ట్ ప్రదర్శన జరుగుతుంది. 1999 జనవరిలో కార్క్ ప్రాంతానికి చెందిన 16 ఏళ్ల సారా ఫ్లానరీ అందులో గెలిచింది. సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే ఆర్ఎస్ఏ పద్ధతికి ప్రత్యామ్నాయంగా, మాత్రికలతో నడిచే కొత్త పద్ధతిని తయారు చేసింది. మన ఇంటర్ పిల్లలకు మాత్రికల గుణకారం వచ్చు కదా, దాని మీదే కట్టింది. ఆర్ఎస్ఏ కంటే చాలా వేగంగా పనిచేసింది. ప్రపంచమంతా పత్రికలు రాశాయి, ఇక ఆ అమ్మాయి కోటీశ్వరురాలైపోతుందన్నారు.

ఆ తర్వాత ఆ పద్ధతిలో లోపం బయటపడింది. బయటికి ఇచ్చే వివరాలతోనే రహస్యాన్ని విప్పేయవచ్చని తేలింది. ఆమె ఏం చేసిందో గమనించండి. దాచలేదు. ఆ పద్ధతిని ఎలా ఛేదించవచ్చో గణితంతో సహా తన పరిశోధన పత్రానికి అనుబంధంగా తానే చేర్చింది. అదే ఏడాది యూరప్ స్థాయి యువ శాస్త్రవేత్తల పోటీలోనూ ఆమెకు పెద్ద బహుమతి వచ్చింది. తర్వాత కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్స్ చదివి సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా స్థిరపడింది.

మన దగ్గర ప్రాజెక్టు ఫలితం అనుకున్నట్టు రాకపోతే అంకెలు దిద్దేయడం అలవాటైపోయింది. ప్రాక్టికల్ రికార్డులోనే అది మొదలవుతుంది. రావలసిన విలువ ముందే తెలుసు కాబట్టి దానికి దగ్గరగా రీడింగులు రాసుకుంటారు. ఇది పిల్లల తప్పు కాదు, సరైన జవాబుకే మార్కు ఇచ్చే మన పద్ధతిది. ఫ్లానరీ చేసిన పనికి మన రికార్డుల్లో చోటు లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అదే ప్రదర్శనలో 2005 విజేత పాట్రిక్ కొలిసన్. ముందు ఏడాది కృత్రిమ మేధ ప్రాజెక్టుతో వచ్చి రెండో స్థానంతో తిరిగి వెళ్లాడు. మరుసటి ఏడాది క్రోమా అనే కొత్త ప్రోగ్రామింగ్ భాష రాసుకుని వచ్చి గెలిచాడు. తర్వాత తమ్ముడు జాన్‌తో కలిసి స్ట్రైప్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీని పెట్టాడు.

జడ్జీలు ఏం అడుగుతారు?

ఈ పోటీలన్నింటిలో బహుమతి తేలేది ఎక్కువగా ముఖాముఖిలో. ప్రపంచ స్థాయిలో పెద్దదైన ఐసెఫ్ 1950లో ఫిలడెల్ఫియాలో మొదలైంది, ఇప్పుడు ఏటా మే నెలలో అమెరికాలో జరుగుతుంది. 60కి పైగా దేశాల పిల్లలు వస్తారు. ఒక్కొక్కరి ముందు ఒక బోర్డు, ఒక టేబుల్. జడ్జీలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పది, పదిహేను నిమిషాలు మాట్లాడి వెళ్తారు. బోర్డు అందం చూసి ఎవరూ బహుమతి ఇవ్వరు. సైన్స్ టాలెంట్ సెర్చ్‌లోనైతే ప్రాజెక్టుతో సంబంధం లేని ప్రశ్నలు కూడా వేసి, తెలియని విషయం ఎదురైతే ఆ విద్యార్థి ఎలా ఆలోచిస్తున్నాడో చూస్తారు.

మన జిల్లా ఫెయిర్లలో థర్మోకోల్ జలవిద్యుత్ కేంద్రం, వెనిగర్ పోస్తే పొంగే అగ్నిపర్వతం ఏటా కనిపిస్తాయి. తెలిసిన దాన్ని చూపించే మోడళ్లవి. పరిశోధన అంటే తెలియని దాన్ని కొలవడం. ఉదాహరణకు నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల ఊరూరా ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. ఆ ప్లాంటు ఒక 20 లీటర్ల క్యాను నింపడానికి ఎన్ని లీటర్లు బయటికి వదిలేస్తోంది? మీ ఊరి లెక్క ఏ పుస్తకంలోనూ ఉండదు. లీటర్ల గీతలు వేసిన బకెట్ ఒకటి, ఫోన్‌లో స్టాప్‌వాచ్, నీటిలో కరిగిన లవణాలను కొలిచే, కొన్ని వందల రూపాయల టీడీఎస్ మీటర్ చాలు. మంచినీటి పైపు కింద, రిజెక్ట్ నీటి పైపు కింద బకెట్ పెట్టి నిండే సమయం రాసుకోవాలి. పొద్దున మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు. ఆ రోజు కరెంటు ఎలా ఉంది, ఫిల్టర్ ఎప్పుడు కడిగారు అన్నది పక్కన రాయాలి. కొన్నాళ్లకే రీడింగులు కలవడం మానేస్తాయి. అక్కడే అసలు పని మొదలవుతుంది. ఫిల్టర్ మూసుకుపోతోందా, బోరులో నీటి మట్టం దిగిందా, మోటారు ఒత్తిడి తగ్గిందా? ఒక్కో కారణాన్ని విడిగా పరీక్షించాలి. తర్వాత ఆ రిజెక్ట్ నీటితో కొన్ని కుండీల్లో, బోరు నీటితో మరికొన్ని కుండీల్లో బెండ వేసి చూడొచ్చు. జడ్జి "ఒక్కో పూట మూడుసార్లే ఎందుకు కొలిచావు?" అని అడిగితే, ఇది చేసిన పిల్ల తడబడదు. చేయని పిల్లకు టీచర్ ఎంత బట్టీ పట్టించినా ఆ జవాబు రాదు.

ఇలాంటి స్థానిక ప్రశ్నలే దూరం వెళ్తాయి. 2015 గూగుల్ సైన్స్ ఫెయిర్‌లో, మన సరిహద్దుకు అవతల కోరాపుట్ జిల్లా దమన్‌జోడిలో చదువుతున్న తొమ్మిదో తరగతి అమ్మాయి, గింజ ఒలిచి పారేసే మొక్కజొన్న కండెలతో మురుగునీటిని శుభ్రం చేసే పద్ధతికి బహుమతి గెలిచింది. బెంగళూరు చెరువుల నీటిని జనమే పరీక్షించి వివరాలు పంపే ఏర్పాటు చేసిన సాహితి పింగళి పేరును 2017 ఐసెఫ్ తర్వాత ఒక గ్రహశకలానికి పెట్టారు. సిరిసిల్ల జిల్లా ప్రభుత్వ బడి కుర్రాడొకడు ధాన్యాన్ని బస్తాల్లోకి ఎత్తే యంత్రంతో ఇన్‌స్పైర్ పోటీల్లో జాతీయ స్థాయికి వెళ్లాడు.

మన పిల్లలకున్న దారులు

అందరికీ అందుబాటులో ఉన్నది ఇన్‌స్పైర్ అవార్డ్స్-మానక్. ఆరో తరగతి మొదలు హైస్కూలు పిల్లల ఆలోచనలను బడి తరఫున ఆన్‌లైన్‌లో పంపుతారు. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలోకే వస్తాయి. జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలుంటాయి. పేరు పంపాల్సింది బడి కాబట్టి, హెడ్మాస్టర్‌నో సైన్స్ టీచర్‌నో పిల్లలే వెంటపడి అడగాలి. 10 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ స్థానిక సమస్యల మీద చేసే పనికే పెద్దపీట వేస్తుంది. ఐసెఫ్‌కు వెళ్లాలంటే ఐరిస్ నేషనల్ ఫెయిర్ దారి. దేశం తరఫున వెళ్లేవాళ్లను ఎంపిక చేసే వేదిక అది.

ఐసెఫ్ నియమాల్లో మనవాళ్లు దెబ్బతినేది ఒకచోట. మనుషులపై సర్వే, వెన్నెముక ఉన్న జంతువులు, సూక్ష్మజీవులు ఉన్న ప్రాజెక్టుకు ప్రయోగం మొదలుపెట్టకముందే కమిటీ అనుమతి తీసుకోవాలి. అయిపోయాక ఫారాలు నింపితే ఎంత మంచి ప్రాజెక్టైనా పోటీలో ఉండదు. పన్నెండు నెలలకు మించిన పనిని ఒక ప్రాజెక్టుగా చూపకూడదు. జట్టులో ముగ్గురికి మించి ఉండకూడదు.

తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇస్రో నడిపే యువిక గురించి చాలా బడుల్లో తెలియదు. వేసవిలో రెండు వారాలు శ్రీహరికోట, హైదరాబాద్ లాంటి ఇస్రో కేంద్రాల్లో ఉంచి నేర్పుతారు. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులతోపాటు సైన్స్ ఫెయిర్ బహుమతులకూ వెయిటేజీ ఉంది, గ్రామీణ బడుల పిల్లలకు అదనంగా ఉంది. హైదరాబాద్ సీసీఎంబీ కూడా హైస్కూలు పిల్లలను వేసవిలో ప్రయోగశాలలోకి తీసుకునే కార్యక్రమం నడుపుతోంది.

పోటీలు వస్తుంటాయి, ఆగిపోతుంటాయి. గూగుల్ సైన్స్ ఫెయిర్ ఇప్పుడు లేదు. మూల శాస్త్రాలు చదివేవారికి ఫెలోషిప్ ఇచ్చిన కేవీపీవైని 2022లో ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. అందుకే ఒక పోటీని నమ్ముకుని కాకుండా మీ ప్రశ్నను నమ్ముకుని పని మొదలుపెట్టండి. ఏ ప్రకటన వచ్చినా పంపడానికి చేతిలో నోట్‌బుక్ సిద్ధంగా ఉంటుంది.

ప్రయోగశాల లేదని ఆగిపోయేవాళ్లకు ఒక మాట. 2011లో తొలి గూగుల్ సైన్స్ ఫెయిర్ గెలిచిన శ్రీ బోస్ అండాశయ క్యాన్సర్ మందు కొన్నాళ్లకు పనిచేయకుండా పోవడం మీద పరిశోధించింది. చోటు కోసం టెక్సస్‌లో తనకు దగ్గరలోని ప్రొఫెసర్లకు వరసగా ఉత్తరాలు రాస్తే చిన్నపిల్లవని చాలామంది కాదన్నారు, ఒకరు సరేనన్నారు. మీరూ రాయండి. మీ జిల్లా డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కు, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తకు పది వాక్యాల్లో మీ ప్రశ్న, ఇప్పటిదాకా మీరు కొలిచింది, కావలసిన సాయం రాస్తే చాలు. 'ఏదైనా ప్రాజెక్టు ఇప్పించండి సార్' అని రాసేవాళ్లకు జవాబు రాదు.

ఇంటర్ రెండేళ్లు, ఆ తర్వాత

చిక్కంతా ఇక్కడే. పదో తరగతి వరకూ ఫెయిర్లకు పంపిన తల్లిదండ్రులే ఇంటర్ రాగానే అన్నీ కట్టిపెట్టిస్తారు. పొద్దున ఐదింటికి స్టడీ అవర్ మొదలయ్యే హాస్టల్లో ప్రాజెక్టు చేయమని చెప్పడం న్యాయం కాదు. ఆ రెండేళ్లూ చేతనైనంత చదవనివ్వండి. సైన్స్ మీద ఇష్టం ఉన్న పిల్లలకు ఐఐటీ, ఎంబీబీఎస్ కాక వేరే తలుపులు ఉన్నాయని మాత్రం చెప్పండి. తిరుపతిలో 2015 నుంచి ఐసర్ ఉంది. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కు ఐఏటీ పరీక్ష రాయాలి. భువనేశ్వర్ నైసర్‌కు, ముంబయి సీఈబీఎస్‌కు నెస్ట్. బెంగళూరు ఐఐఎస్‌సీలో నాలుగేళ్ల బీఎస్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉన్నాయి. ఇంటర్ బోర్డు పరీక్షలో మొదటి ఒక శాతంలో నిలిచి మూల శాస్త్రాలు చదివేవారికి ఇన్‌స్పైర్ కింద ఏటా 80,000 రూపాయల స్కాలర్‌షిప్ ఉంది. ఎమ్మెస్సీకి వెళ్తే ఇల్లు గడవదని భయపడే కుటుంబాలకు ఈ అంకె చెప్పాలి. విదేశీ విశ్వవిద్యాలయాలు, మన దగ్గర అశోకా, శ్రీసిటీలోని క్రియా లాంటివి ప్రవేశాల్లో పరిశోధన అనుభవాన్ని కూడా చూస్తాయి.

బడిలో అవకాశం రానివాళ్లకు డిగ్రీ, బీటెక్ ఉన్నాయి. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు ఇంజనీరింగ్ విద్యార్థులూ దరఖాస్తు చేయొచ్చు. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయడం, ఆ తర్వాత ఆయన రాసే సిఫార్సు లేఖ, కొనుక్కునే సర్టిఫికెట్ల కంటే ఎన్నో రెట్లు విలువైనవి.

కొనుక్కోవడం అన్నాను కాబట్టి ఆ సంగతీ చెప్పాలి. బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టులు రిపోర్టుతో సహా అమ్మే దుకాణాలు మన నగరాల్లో ఏళ్లుగా ఉన్నాయి. ఇప్పుడు స్కూలు మోడళ్లూ అమ్ముతున్నారు, రిపోర్టులు ఏఐతో రాయిస్తున్నారు. కోపంతో చెబుతున్నాను, సొంతంగా పనిచేసే అనుభవం కంటే విలువైనదాన్ని పిల్లల నుంచి దొంగిలించలేం. ఇంటర్వ్యూలో కూర్చునే అనుభవజ్ఞులకు అది రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. "ఇందులో పనిచేయని భాగం ఏది?" అని అడిగితే చాలు.

ఉద్యోగానికి వెళ్లేవాళ్లు రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు, బహుమతి రాసి వదిలేస్తారు. అలా కాకుండా ఏ ప్రశ్న వేశారు, ఎలా కొలిచారు, ఏం తేలింది, ఏం తేలలేదు అన్నది నాలుగు పంక్తుల్లో రాయండి. జట్టుగా చేస్తే మీ వంతు ఏమిటో విడిగా చెప్పండి, మిగతావాళ్ల పనికి వాళ్ల పేరు పెట్టండి. తోటివాళ్లను గౌరవించకపోతే ఏమవుతుందో చెప్పడానికి ల్యాండర్ జీవితంలోనే ఒక సాక్ష్యం ఉంది. 2021లో అమెరికా అధ్యక్షుడి సైన్స్ సలహాదారు అయిన ఆయన, కింది సిబ్బందిని అవమానించేలా మాట్లాడారని విచారణలో తేలడంతో 2022 ఫిబ్రవరిలో క్షమాపణ చెప్పి రాజీనామా చేయాల్సి వచ్చింది. సైన్స్ ఇవాళ వందల మంది కలిసి చేసే పని. మానవ జీనోమ్ వ్యాసంలో ఆయన పేరు తర్వాత ఉన్న పేర్ల వరస చాలా పొడవుగా సాగుతుంది.